తాళం వేసిన చర్చీలు, కిక్కిరిసిన బాట

ఆధునికత పెరిగేకొద్దీ మతం క్షీణిస్తుందా అన్న ప్రశ్న మీద సమాజశాస్త్రంలో నూరేళ్ళకు పైగా వాదం నడుస్తోంది. ఆ వాదాన్ని చాలాకాలం పాఠంగా చెప్పిన నాకు, దాన్ని ఒక నేల మీద, నడిచే మనుషుల మధ్య చూడాలనే కోరిక బలంగా ఉండేది. అందుకు స్పెయిన్ వాయవ్య మూలన గలీసియా ప్రాంతంలో ఉన్న శాంటియాగో దె కొంపొస్తెలా పాదయాత్రను మించినది లేదనిపించింది. క్రీస్తు శిష్యుడైన యాకోబు సమాధి అక్కడ ఉందన్న విశ్వాసంతో తొమ్మిదో శతాబ్దం నుంచి జనం ఆ బాటన నడుస్తున్నారు. నేను క్రైస్తవుణ్ణి కాను, కానీ దైవభక్తి ఉన్నవాణ్ణి. ఊరికే చూసి రావడానికి కాక, యాత్రికుడిగానే నడవాలని బయలుదేరాను.

నియంత ఫ్రాంకో పాలనలో స్పెయిన్‌కు కాథలిక్ మతమే రాజ్యమతం. 1975లో ఆయన మరణించిన తరువాత వచ్చిన 1978 రాజ్యాంగం ఏ మతానికీ ఆ హోదా లేదని తేల్చింది. 1986లో దేశం ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపమైన యూరోపియన్ సమాజంలో చేరింది. డెబ్బయ్యో దశకం చివర పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది తాము కాథలిక్కులమని చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ మాట చెప్పేవారు సగానికి కాస్త పైన మాత్రమే, వారిలోనూ ఆదివారం పూజకు వెళ్ళేవారు తక్కువ. 2009లో చర్చి పెళ్ళిళ్ళ సంఖ్యను చర్చితో పనిలేని పెళ్ళిళ్ళు మొదటిసారి దాటాయి, నేడు అయిదింట నాలుగు పెళ్ళిళ్ళు ఆ మాదిరివే. ఇంతవరకూ అంతా, ఆధునికతతో మతం తగ్గుతుందన్న పాత సిద్ధాంతం చెప్పినట్టే జరిగింది. అయితే ఎనభయ్యో దశకం మధ్యలో ఏడాదికి మూడు వేలు దాటని శాంటియాగో యాత్రికులు 2019 నాటికి 3,47,000 మందికి పైగా అయ్యారు, 2024లో 5 లక్షలకు చేరువయ్యారు. అదే దేశంలో, అదే నలభై ఏళ్ళలో చర్చి ఖాళీ అయింది, చర్చికి వెళ్ళే బాట నిండింది. ఈ రెండింటినీ కలిపి వివరించలేని సిద్ధాంతం ఏదైనా సగం సిద్ధాంతమే.

చివరి 100 కిలోమీటర్లు నడిచినవారికి యాత్ర పూర్తిచేసినట్టు పత్రం ఇస్తారు. కాబట్టి ఆ హద్దుకు కాస్త వెనక ఉన్న సార్రియా పట్టణంలో చాలామంది నడక మొదలుపెడతారు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. తెల్లవారకముందే వీధిలో వందలాది వీపుసంచులు కదులుతున్నాయి. దారి తప్పే వీలు లేదు: గోడల మీద, చెట్ల మీద, రాళ్ళ మీద పసుపు బాణాలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ బాణాలను మొదట గీసినది ఓ సెబ్రెయిరో అనే కొండ ఊరి చర్చి గురువు ఎలియాస్ వలీన్యా. దాదాపు అంతరించిపోయిన బాటను 1980లలో ఆయన రంగు డబ్బా పట్టుకుని తిరిగి గుర్తులు పెట్టి బతికించారు. ఆ తరువాత పని ఆధునిక సంస్థలు అందుకున్నాయి. 1987లో యూరప్ మండలి దీనిని తన మొదటి సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. యాకోబు పండుగ ఆదివారం నాడు పడడంతో పవిత్ర సంవత్సరమైన 1993ను గలీసియా ప్రభుత్వం పెద్ద ఎత్తున ప్రచారం చేసింది. చవక విమానాలు, ఫోన్‌లోని దారి పటాలు, సంచులను ఒక ఊరి నుంచి మరో ఊరికి చేరవేసే సర్వీసులు మిగతాది పూర్తిచేశాయి. యాత్రలకు యంత్రాలు శత్రువులన్న ఊహ ఎప్పుడూ నిజం కాదు. ఫ్రాన్సులో లూర్దు క్షేత్రాన్ని మహాక్షేత్రం చేసినవాటిలో 1866లో అక్కడికి చేరిన రైలు కూడా ఉంది.

మొదటి మజిలీ పోర్టోమరిన్. ఇప్పుడున్న ఊరు కొండవాలు మీద ఉంది, పాత ఊరు మిన్యో నది మీద కట్టిన బెలెసార్ ఆనకట్ట నీళ్ళ కింద ఉంది. 1960ల మొదట్లో ఆ జలవిద్యుత్ కేంద్రం కోసం ఊరిని ఖాళీ చేయించినప్పుడు, కోటలా నిలువుగా ఉండే మధ్యయుగపు చర్చిని రాయి రాయిగా విప్పి, పైకి మోసుకొచ్చి, మళ్ళీ పేర్చారు. ఏ రాయి ఎక్కడిదో తెలియడానికి అప్పుడు వేసిన అంకెలు ఇప్పటికీ గోడ మీద ఉన్నాయి. సాయంత్రపు ఎండ పక్కగా పడినప్పుడు అవి బాగా కనబడతాయి. గోడకు దగ్గరగా నిలబడి, వరుసగా ఉన్న కొన్ని అంకెలను వేలితో తడుముతూ చదివాను. లోకంలోంచి మాయ తొలగిపోవడం గురించి 1917లో మ్యూనిక్ ఉపన్యాసంలో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ అన్న మాటలు అక్కడ గుర్తుకొచ్చాయి: దేన్నయినా లెక్కతో, సాంకేతిక నేర్పుతో వశం చేసుకోవచ్చునన్న నమ్మకమే ఆధునికత అని ఆయన భావం. ఇక్కడ చర్చి కూడా లెక్కలోకి వచ్చింది. దాన్ని ఎవరూ కూలగొట్టలేదు. ఆనకట్ట అవసరాన్ని బట్టి దాని చోటును వేరొకరు నిర్ణయించారు, అంతే. బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త బ్రయన్ విల్సన్ 1966లో చేసిన వాదన సరిగ్గా ఇదేనని నేను విద్యార్థులకు చెబుతూ వచ్చాను. మనుషుల మనసుల్లో దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఆయన ముఖ్య ప్రశ్న కాదు. సమాజం నడకను నిర్ణయించే శక్తి మతం చేతిలోంచి జారిపోయిందా అన్నది ఆయన ప్రశ్న. రెండు రోజుల నడక తరువాత వచ్చే రిబదీసోలో మధ్యయుగంలో యాత్రికుల కోసం కట్టిన ఆశ్రయశాల ఇప్పుడు ప్రభుత్వ సత్రంగా ఉంది. నది ఒడ్డున అవే రాతి గోడలు, అదే పని. యాజమాన్యం మాత్రం మారింది. మరో సమాజశాస్త్రవేత్త హోసే కసనోవా 1994లో ఈ మతక్షీణత వాదాన్ని మూడుగా విడదీశారు: బడి, ఆసుపత్రి, న్యాయస్థానం వంటివి మతం నుంచి విడిపోవడం ఒకటి, విశ్వాసమూ ఆచారమూ తగ్గడం రెండోది, మతం ప్రజాజీవితం నుంచి ఇంటికి పరిమితం కావడం మూడోది. మొదటిది జరిగితే మిగతా రెండూ జరిగి తీరాలనే నియమం లేదని ఆయన చెప్పినది సరైనదనే నేను నమ్ముతాను.

పోర్టోమరిన్ దాటాక పల్లెలు చిన్నవి. ప్రతి పల్లెలోనూ నల్లరాతి చర్చి, దాని చుట్టూ గోడలో అరలుగా కట్టిన సమాధులు, సమాధుల మీద తాజా పువ్వులు; చర్చి తలుపుకు మాత్రం తాళం. చివరి 100 కిలోమీటర్లలో రోజుకు రెండు ముద్రలైనా యాత్రికుడి పాస్‌పోర్టు అనే మడత కాగితం మీద వేయించుకోవాలి. ఆ ముద్రలు చాలావరకు సత్రాల్లోనూ కాఫీ దుకాణాల్లోనూ దొరుకుతాయి. ఒక పల్లెలో మాత్రం తాళం తీసి ఉన్న చర్చి కనబడింది. తాళంచెవి ఉంచుకునే పెద్దావిడ లోపల నేల తుడుస్తున్నారు. నాతో నడుస్తున్న స్పానిష్ యువకుడు మా మాటలను అటూ ఇటూ చేరవేశాడు. ఆవిడ ప్లాస్టిక్ డబ్బాలోంచి ముద్ర తీశారు. సిరా పలక ఎండిపోయి ఉంది. ముద్ర మీద రెండుసార్లు వెచ్చగా ఊపిరి ఊది, బల్ల మీద మోచేయి ఆనించి, శరీరం బరువంతా వేసి నా కాగితం మీద నొక్కారు. చర్చి పేరులో సగమే పడింది.

"పూజ ఎప్పుడు జరుగుతుందమ్మా?" అని అడిగాను.

"గురువుగారు నెలకోసారి వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయనొక్కరే చూసుకోవాలి. వారం వారం ఊడ్చేది నేను."

"మీ పిల్లలు వస్తారా?"

"నా కొడుక్కి జపాలన్నీ వచ్చు, చెప్పడు. మనవరాలికి ఒక్కటీ రాదు. కానీ అది పోయినేడు ఈ బాట మొత్తం నడిచింది. గుడి చేరాక ఏడ్చిందట."

"ఎందుకని అడిగారా?"

"అడిగాను. తనకే తెలియదంది." కాసేపాగి ఆవిడే అడిగారు: "మీ పిల్లలకు మీ ప్రార్థనలు వచ్చా?"

పెద్దవాడికి వచ్చు, చిన్నదానికి రావు అని చెప్పాను.

ఆ మూడు తరాల లెక్కను నేను చదివిన ఏ పుస్తకం కన్నా స్పష్టంగా ఆవిడ చెప్పేశారు. బ్రిటన్ సమాచారం మీద 2005లో డేవిడ్ వోస్, అలస్‌డేర్ క్రాకెట్ చేసిన పరిశోధన ప్రకారం, తల్లిదండ్రులిద్దరూ మతవిశ్వాసులైతే ఆ విశ్వాసం పిల్లలకు అందే అవకాశం దాదాపు సగం. ఒక్కరే విశ్వాసి అయితే అందులో మళ్ళీ సగం. ఇద్దరికీ లేకపోతే పిల్లలకు వచ్చే అవకాశం చాలా స్వల్పం. అంటే ఎవరూ మతం మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు, నాస్తికులు కానక్కర్లేదు, సైన్సు పుస్తకాలు చదివి విశ్వాసం కోల్పోనక్కర్లేదు. అందించడం ఆగిపోతే చాలు, తరం తరానికీ తగ్గుతుంది. మతం ఒక జ్ఞాపకాల గొలుసు అని చెప్పిన ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త దనియెల్ ఎర్వ్యూ-లెజె, 1999లో ఆధునిక మతానికి ప్రతీకగా చర్చి సభ్యుణ్ణి కాక యాత్రికుణ్ణి చూపించారు. పుట్టుకతో వచ్చిన కట్టుబాటు లేకుండా, తానే ఎంచుకుని, తనకు తోచినంత దూరం నడిచే మనిషి. ఆ మనవరాలు అచ్చంగా ఆ మనిషే.

నడకలో పరిచయమైన ఒక కొరియా దంపతులు ఈ ఆలోచనను మరో దిక్కుకు తిప్పారు. ఆసియా నుంచి ఈ బాటకు వచ్చేవారిలో కొరియన్లు ఎక్కువ. దారిలోని కొన్ని బోర్డులు కూడా వారి లిపిలో కనిపిస్తాయి. వారిద్దరూ కాథలిక్కులు, యుద్ధం తరువాతి పేదరికంలో పుట్టి, ఆధునిక నగరంలో పెరిగి, అక్కడే విశ్వాసంలోకి వచ్చినవారు. కర్మాగారాలు, విశ్వవిద్యాలయాలు, ఎత్తయిన భవనాలతో పాటే దక్షిణ కొరియాలో చర్చీలు పెరిగాయి. ఆధునికత అంటేనే మతక్షీణత అన్న సూత్రానికి ఇది చాలాకాలం గట్టి సమాధానంగా నిలిచింది. ఇరవై ఒకటో శతాబ్దం నాటికి మతవిశ్వాసులు చిన్న చిన్న బృందాలుగా మాత్రమే మిగులుతారని 1968లో ఊహించిన సమాజశాస్త్రవేత్త పీటర్ బర్గర్, ఇరాన్ విప్లవాన్ని, పోలండ్ కార్మిక ఉద్యమంలో చర్చి పాత్రను, లాటిన్ అమెరికాలో పెంతెకోస్తు ఉప్పెనను చూశాక, 1999 నాటికి తన మాటను బహిరంగంగా వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ ఈ మతక్షీణత సిద్ధాంతానికి ఏకంగా చరమగీతం పాడారు. చర్చీల మధ్య పోటీ ఉన్న చోట మతం వర్ధిల్లుతుందని, అందుకు అమెరికాయే సాక్షి అని ఆయన వాదన.

ఆ చరమగీతం తొందరపాటేనని నేను అనుకుంటున్నాను. అమెరికాలో ఏ మతానికీ చెందమని చెప్పేవారు 2007లో 16 శాతం ఉండగా 2021 నాటికి సుమారు 29 శాతమయ్యారు. కొరియాలో 2015 జనగణనలో 56 శాతం మంది మతం లేదని నమోదు చేసుకున్నారు. ఆ సంగతి ఎత్తితే, వారి చర్చిలో ఇప్పుడు తమకన్నా చిన్నవారు కనబడడం లేదని ఆ భార్యాభర్తలే చెప్పారు. బతుకు భద్రత పెరిగితే మతం అవసరం సన్నగిల్లుతుందని 2004లో పిప్పా నారిస్‌తో కలిసి రాసిన రొనాల్డ్ ఇంగ్ల్‌హార్ట్, 2007 నుంచి 2019 వరకు తాను పరిశీలించిన 49 దేశాల్లో 43 దేశాల్లో మతభావన తగ్గిందని తరువాత చూపించారు. నారిస్, ఇంగ్ల్‌హార్ట్ ఇంకొకటి కూడా చెప్పారు, దాన్ని చాలామంది మరచిపోతారు: భద్రత లేని సమాజాల్లో సంతానం ఎక్కువ కాబట్టి, దేశాల వారీగా తగ్గుతున్నా ప్రపంచం మొత్తంలో విశ్వాసుల సంఖ్య పెరగవచ్చు. తగ్గిందన్నవారూ పెరిగిందన్నవారూ తరచు వేర్వేరు లెక్కలు చూపి కొట్లాడుకుంటారు.

శాంటియాగో చేరి ప్రధాన చర్చి ముంగిట నిలబడినప్పుడు అలసట, ఆనందం కలిసి ఒక్కసారిగా కమ్ముకున్నాయి. మాతేయో అనే శిల్పాచార్యుడు 1188లో దూలాలు నిలిపిన మహిమాద్వారం లోపల ఉంది. దాని నడిమి స్తంభం మీద శతాబ్దాల పాటు యాత్రికులు చేయి ఆనించగా పాలరాయిలో అయిదు వేళ్ళ గుంటలు పడ్డాయి. ఇప్పుడు దాన్ని తాకనివ్వరు. శిల్పాన్ని కాపాడడానికి లోపలికి టికెట్ మీద పంపుతారు. నేను ఆ నియమాన్ని తప్పు పట్టను, రాయి అరిగిపోతే ఎవరికీ మిగలదు. కానీ పూర్వం చేతికి అందిన గుర్తు ఇప్పుడు కంటికి మాత్రమే అందుతోందన్న బాధ కలిగింది. ప్రధాన వేదిక వెనక మెట్లెక్కి అపొస్తలుడి విగ్రహాన్ని వెనక నుంచి కౌగిలించుకునే ఆచారం మాత్రం ఉంది. వరుసలో నా ముందున్న కుర్రవాడు, దారి పొడుగునా తనకు ఏ నమ్మకమూ లేదని చెప్పినవాడు, విగ్రహం భుజాల మీద తల ఆనించి వెనకవారు కదలమనేదాకా ఉండిపోయాడు.

యాత్రికుల కార్యాలయంలో నడకకు కారణం అడుగుతారు: మతపరం, మతమూ ఇతర కారణాలూ, మతేతరం. మతపరం మాత్రమే అని చెప్పేవారు ఇటీవలి సంవత్సరాల్లో సగానికి తక్కువే. నేను రెండోది ఎంచుకున్నాను. ఆ లెక్కలను పత్రికలు ఏటా ప్రచురిస్తాయి, కొందరు వాటిలో మతం పునరుజ్జీవనాన్ని, కొందరు పర్యాటకాన్ని చూస్తారు. నాకు ఆ ప్రశ్నే చాలదనిపిస్తుంది. మీకు ప్రార్థన ఎవరు నేర్పారు, మీరు ఎవరికైనా నేర్పుతారా అని కూడా అడిగితే ఈ అయిదు లక్షల మంది మతం గురించి మనకు తెలిసేది ఎంతో ఎక్కువ. యాకోబు పండుగైన జూలై 25 ఏ ఏడాది ఆదివారం నాడు పడితే ఆ ఏడాది పవిత్ర సంవత్సరం, తరువాతిది 2027లో వస్తుంది. ఆ ఏడు యాత్రికుల సంఖ్య పాత రికార్డులను దాటితే మతం తిరిగి వచ్చిందని చాలామంది రాస్తారు. నేనైతే ఆ సంఖ్య పక్కనే, ఆ బాట మీది పల్లె చర్చీల్లో అదే ఏడాది ఎందరు పిల్లలకు బాప్తిస్మం ఇచ్చారో కూడా చూస్తాను.