ఏడు పట్టీలు ఊడాక ఎనిమిదోది నిలిచింది: వానాకాలంలో సొల్యూషన్

నిలిచింది! ఏడు పట్టీలు వరసగా రెండు కిలోలైనా లాగకముందే పర్రున విడిపోయాక, ఎనిమిదోది 7.4 కిలోల దాకా కదల్లేదు. సొల్యూషన్ అంటే చెప్పుల పనిలో తోలుకీ సోలుకీ పూసి, ఆరనిచ్చి, ఆపైన నొక్కి అంటించే రబ్బరు జిగురు. ఆ డబ్బా మారలేదు, తోలు మారలేదు, రబ్బరూ మారలేదు.

పట్టీ అంటే అతుకు బలం చూడ్డానికి అంటించిన ముక్క, 25 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు. ఒకవైపు చెట్టు బెరడుతో పదును చేసిన గేదె తోలు, 3.5 మి.మీ. మందం; రెండోవైపు 4 మి.మీ. రబ్బరు షీటు. చివర 30 మి.మీ. అంటించకుండా వదిలి, 24 గంటలయ్యాక ఆ కొసకు సామాన్లు తూచే కొక్కెం కాటా తగిలించి లాగడం. వేసవిలో ఇదే జత ఎనిమిది కిలోలకు తగ్గలేదు. శ్రావణంలో మొదటి రెండు పట్టీలు 1.6, 1.7 దగ్గరే చేతులెత్తేశాయి.

ఊడిన ముఖాలు రెండూ చూడకుండా డబ్బాని తిట్టి లాభం లేదు. జిగురంతా రబ్బరు మీదికి పోయి తోలు బోసిగా ఉంటే తోలుకు గరుకు చాలలేదు, లేదా నూనె మిగిలింది. జిగురంతా తోలు మీదే ఉండిపోతే ఆ సోలుకు ఆ సొల్యూషన్ పడదు. తోలు పీచు చిరిగి రబ్బరుతో వచ్చేస్తే అంతకంటే గట్టి అతుకు అడగక్కర్లేదు. ఇక్కడ రెండు ముఖాల మీదా జిగురు పొర చెక్కుచెదరకుండా ఉంది. జిగురుకు జిగురే పట్టలేదన్నమాట.

మొదట ఆరబెట్టే సమయం మీద అనుమానం. 15 నిమిషాలను 25 చేస్తే 1.4. ఎనిమిదికి తగ్గిస్తే ఇంకా అధ్వానం: ద్రావకం లోపలే చిక్కుకుని మర్నాటికి కూడా పచ్చిగా, తీగలు సాగుతూ 1.1. డబ్బా చిక్కబడిందేమోనని పలచన చేసే ద్రావకం టోలుయీన్ పదో వంతు కలిపితే బ్రష్ హాయిగా నడిచింది, అతుకు మాత్రం 1.6 దగ్గరే. రంగుల కొట్టులో దొరికే ఎన్‌సీ థిన్నర్ జోలికి పోవద్దు, కొన్ని సొల్యూషన్లు అందులో పెరుగులా విరిగిపోతాయి. త్వరగా ఆరుతుందని ఫ్యాన్ కింద పెట్టిన ఆరో పట్టీ 0.9, అన్నిటికంటే కనిష్ఠం. ఏడోదానికి ఉప్పు కాగితంతో మళ్లీ రుద్ది, అసిటోన్‌తో తుడిచి పూస్తే 1.8.

అసలు దొంగ ఆ ఫ్యాన్ పట్టీతోనే దొరికింది. ఆరిన పొర తేనె పూసినట్టు మెరవాలి. దీన్ని ఏటవాలు వెలుతురులో చూస్తే అద్దం మీద ఊపిరి ఊదినట్టు మసక. వేలి మెటికతో తాకితే అంటీ అంటనట్టు జారుడు.

గదిలో 28 డిగ్రీలు, తేమ 88 శాతం. ఆ లెక్కన గాలిలోని ఆవిరి నీరయ్యే మెట్టు దాదాపు 26 డిగ్రీలు, అంటే రెండు డిగ్రీల దూరమే. సొల్యూషన్‌లోని ద్రావకం ఎగిరిపోతూ పొరను చల్లబరుస్తుంది, చేతి మీద పడిన స్పిరిట్ లాగే. ఆ రెండు డిగ్రీలు తగ్గగానే కంటికి ఆనని నీటి పొర జిగురు మీద కూర్చుంటుంది, నొక్కినప్పుడు రెండు పూతలూ ఆ నీటికే తగులుతాయి. ఫ్యాన్ ద్రావకాన్ని తొందరపెట్టి ఇంకా చల్లబరిచింది. మహేంద్రతనయ నిండుగా పారే రోజుల్లో పర్లాకిమిడిలో ఇది తప్పదు.

ఎనిమిదో పట్టీలో మార్చింది ఒక్కటే: పూయకముందే ముక్కల్ని వేడి చేయడం. అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు, అరగంట. పైముఖం 40 డిగ్రీలకు రాగానే బల్బు ఆర్పి, ముక్కల్ని వేరే గదికి తెచ్చి, అదే పెట్టెలో కాగిన నాపరాయి పలక మీద పెట్టి పూత. పలక లేకపోతే ఐదారు నిమిషాల్లో చల్లారి మళ్లీ మొదటికే. సొల్యూషన్ పూసిన ముక్కను మాత్రం బల్బు పెట్టెలో పెట్టొద్దు. ఆ ఆవిరి భగ్గుమనే సరుకు, హోల్డరులో రవ్వ లేస్తే చాలు. తోలుకు పలచటి పూత, 20 నిమిషాలు, రెండో పూత, 12 నిమిషాలు. రబ్బరుకు ఒకటే.

తొమ్మిదో పట్టీకి ఇదంతా చేశాక, వాసన పూర్తిగా పోయాక, కిటికీ తెరిచి హెయిర్ డ్రయ్యర్‌తో రెండు పొరల్నీ 65 డిగ్రీలకు తెచ్చి వెంటనే నొక్కి సుత్తి వేస్తే 8.8. తోలు పీచు చిరిగి వచ్చింది.



బ్రాండు గొడవ అనవసరం. ఫెవికాల్ ఎస్ఆర్ 998 అయినా, ఒడిశా వైపు చెప్పుల పనిలో ఎక్కువగా కనిపించే డెండ్రైట్ అయినా, రెండూ కృత్రిమ రబ్బరు సొల్యూషన్లే. విదేశీ వీడియోల్లో చూసి బార్జ్ అనే సొల్యూషన్ తెప్పించుకుంటే జేబు ఖాళీ అవుతుందంతే, తేమ దాన్నీ వదలదు. లీటరు డబ్బా కంటే చిన్నవి నాలుగు మేలు, మూత తీసిన ప్రతిసారీ ద్రావకం పోతుంది. కొట్టులో అడిగేటప్పుడు సొల్యూషన్ అనే అనండి; ఒడియాలో అఠా అంటే కాగితాల జిగురు నుంచి కలప జిగురు దాకా ఏదైనా కావచ్చు.

ముందువైపు అంచు 5 మి.మీ. ఇంకా లేస్తోంది. అంచున పూత పలచబడి ముందే ఆరిపోతోందని అనుమానం. పదో పట్టీకి అంచు మీద మాత్రం మూడో పూత వేసి చూడాలి.

ఆ తర్వాత పీవీసీ సోలు. దాన్ని మెత్తగా ఉంచే నూనె మెల్లగా ఊరి రబ్బరు సొల్యూషన్‌ను జావ చేస్తుంది కాబట్టి అక్కడ పీయూ (పాలీయురేథేన్) జిగురే, గట్టిపరిచే మందు కలిపి. ఆ మందు గాలిలోని తేమతోనే గడ్డకడుతుంది. అందుకని ఆ డబ్బా మూత కార్తీకం దాకా తీసేది లేదు. అప్పటిదాకా రబ్బరు షీట్లతోనే.