"మీ పాప అసలు అల్లరే చెయ్యదండీ" అని మెచ్చుకునే ముందు

బయటి దేశాల్లో పిల్లల్ని పెంచుతున్న మనం ఒకరి పిల్లల గురించి ఒకరం చెప్పుకునే మాటలు గమనించారా? "అసలు అల్లరే చెయ్యదు, తన పని తను చేసుకుంటుంది." "మార్కులు తగ్గితే మనం అనక్కర్లేదండీ, వాడే కుమిలిపోతాడు." "ఎక్కడికి తీసుకెళ్లినా అడ్జస్ట్ అయిపోతుంది." అన్నీ మెచ్చుకోళ్లే. నాకు మాత్రం ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎలా ఉన్నావమ్మా అని అడగాలనిపిస్తుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి వదలని డిప్రెషన్‌కి దారితీసే స్వభావాలని సైకాలజిస్టులు చెప్పేవాటిలో కొన్ని మనం మురిసిపోయే ఈ గుణాలకి దగ్గరి చుట్టాలే.

దీర్ఘకాలిక డిప్రెషన్ అంటే మంచం దిగలేకపోవడమే అనుకుంటాం. చాలాసార్లు అలా ఉండదు. పెద్దవాళ్లలో కనీసం 2 ఏళ్లు, పిల్లల్లో, టీనేజర్లలో 1 ఏడాది, చాలా రోజులు అదే దిగులు ఉంటే డాక్టర్లు ఆ పేరు పెడతారు, పిల్లల్లోనైతే అది దిగులుగా కాకుండా చిరాకుగా కూడా బయటపడొచ్చు. స్కూలుకి వెళ్తుంటారు, మార్కులు వస్తుంటాయి, అందుకే "వయసు అలాంటిది", "వీడి స్వభావమే అంత" అని వదిలేస్తాం. కొన్నాళ్లకి ఆ పిల్లలూ తమ గురించి అదే నమ్మేస్తారు.

అన్నిటికంటే బలమైన ఆధారాలున్నది న్యూరోటిసిజం అనే గుణానికి. చిన్న మాటకే ఎక్కువ నొచ్చుకోవడం, తేరుకోవడానికి చాలాసేపు పట్టడం, ఏదో జరుగుతుందని ఎప్పుడూ టెన్షన్ పడటం. కవలల మీద చేసిన పరిశోధనల ప్రకారం ఈ గుణంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు 40 శాతానికి జన్యువులే కారణం. తల్లి గారాబం చేసి సున్నితంగా తయారుచేసిందని దెప్పే బంధువులకి ఈ సంగతి చెప్పాలి.

మన పిల్లల విషయంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది పర్ఫెక్షనిజం. హెవిట్, ఫ్లెట్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1991లో దీన్ని మూడు రకాలుగా విడదీశారు: తన నుంచి తానే తప్పులేని పని కోరుకోవడం, ఎదుటివాళ్ల నుంచి కోరుకోవడం, నేను పర్ఫెక్ట్‌గా ఉంటేనే నన్ను ఒప్పుకుంటారని నమ్మడం. మూడోది డిప్రెషన్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది. రెండు సంస్కృతుల మధ్య పెరిగే పిల్లకి అలా చూసేవాళ్లు రెండు వైపులా ఉంటారు కదా. వీడియో కాల్‌లో తెలుగు తడబడితే అటువైపు నవ్వుతారు, స్కూల్లో పేరు చెప్పగానే ఇటువైపు మొహాలు చూసుకుంటారు. ఏ గదిలోకి వెళ్లినా పరీక్ష రాస్తున్నట్టే. మా చిన్నోడు ఒక్క అక్షరం వంకర పోయిందని పేజీ మొత్తం చెరిపేవాడు, చెరిపి చెరిపి కాగితం చిరిగేది, చిరిగినందుకు మళ్లీ ఏడుపు. టీచర్‌కి మాత్రం క్లాసులో అందరికంటే నీటైన నోట్‌బుక్ వాడిదే.

ఇంకొకటి, ఎదుటివాళ్ల మనసు నొప్పించకూడదని తన మనసు దాచుకునే స్వభావం. ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు 1983లో రాసింది దీని గురించే: బంధాల మీదే తన విలువంతా ఆధారపడిందనుకునేవాళ్లు ఆ బంధం కాస్త బీటలువారినా కుంగిపోతారని. ఒకసారి ఆస్పత్రిలో డాక్టర్ చెప్పేది మా అమ్మాయి వాళ్ల అమ్మమ్మకి తెలుగులో చెబుతోంది. మధ్యలో అమ్మమ్మ మొహం చూసి ఆగి, మందులు సరిగ్గా వేసుకుంటే చాలట అంది. డాక్టర్ అన్నది అంత తేలికైన మాట కాదు. బయటికొచ్చాక అడిగితే "అమ్మమ్మ కంగారుపడుతుందని" అంది, మరి నీ కంగారు అంటే ఏమీ అనలేదు. పెద్దవాళ్లకి మాట సాయం చేసే పిల్లలు మన ఇళ్లలో ఎంతమందో, ఆ బరువు గురించి వాళ్లని అడిగేవాళ్లు తక్కువ.

దీనికి తోడు రాత్రిళ్లు జరిగిందే తలుచుకుంటూ ఉండిపోవడం. అలా తలుచుకోవడం వల్ల దిగులు తగ్గదు, ఇంకా సాగుతుందని సూజన్ నోలెన్-హోక్సెమా అనే సైకాలజిస్టు పరిశోధనలు చూపించాయి. "నాకే ఎందుకిలా" అని మొదలైతే తెల్లారినా తెగదు. నేను పిల్లల మాటల్లో మూడింటి కోసం వింటాను: తప్పంతా నాదే, ఎప్పుడూ ఇంతే, అన్నిట్లోనూ ఇంతే. ఒక పరీక్ష పోయినప్పుడు "సరిగ్గా చదవలేదు" అంటే నాకు భయం లేదు. "నేనొక వేస్ట్" అంటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టేస్తాను.

అయితే ఈ స్వభావం ఉన్న అందరికీ జబ్బు రాదు, స్వభావం రాయిలా మారకుండానూ ఉండదు. 2017లో 207 అధ్యయనాలని కలిపి చూసిన ఒక విశ్లేషణలో థెరపీ లాంటి చికిత్సల తర్వాత న్యూరోటిసిజం బాగానే తగ్గిందని తేలింది. అందుకే "పుట్టుకతో వచ్చింది, ఏం చేస్తాం" అనేవాళ్ల మాట నేను వినను. వారాల తరబడి చిరాకు, నిద్ర పాడవడం, ఇష్టమైన ఆటలు మానేయడం కనబడితే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి. బతకాలని లేదన్న మాట వస్తే అదే రోజు, ఆ గంటలోనే సాయం అడగండి, నలుగురికీ తెలుస్తుందేమోనని ఆగకండి. పిల్ల ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలో, మీరు గదిలో లేకుండా మాట్లాడనివ్వండి.

అక్కడ మీ కుటుంబంలో ఎవరికైనా డిప్రెషన్ ఉందా అని అడుగుతారు. "మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అని వెంటనే అనేయకండి. ఏళ్లకేళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోనే ఉండిపోయిన మామయ్య, "ఆయనంతేలే" అని అందరూ వదిలేసిన మనిషి ఉంటే, ఆయన గురించి కూడా చెప్పండి.