అమ్మ అల్లిన పేపర్ బుట్ట: ఎనిమిది వారాల లెక్క

అమ్మకి 74 ఏళ్లు. కుట్టుపనిలో చెయ్యి తిరిగిన మనిషి. మూడేళ్లుగా కుడిచేతి బొటనవేలి మొదట్లో కీలు అరిగి, సూదిలో దారం ఎక్కించడం, చిన్న బొత్తాం పట్టుకోవడం కష్టమైపోయింది. ఒక్కొక్కటే మానేస్తూ వచ్చింది. ఆ చేతులు ఊరికే ఒళ్లో ఉండటం చూసి నాకు మనసు ఒప్పలేదు. ఇంట్లో ఉన్న సామాన్లతో ఏదైనా చేద్దామని ఇద్దరం కూర్చున్నాం. ప్రతి వారం ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఇలాంటి చేతులతో మొదలుపెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని అందులోంచి రాస్తున్నాను.

మొదటి వారం

నేను మొదట తెచ్చింది రంగులు నింపే బొమ్మలు. అమ్మ రెండు పేజీలు నింపి పక్కన పెట్టేసింది. "ఇది అయ్యాక ఏం చేసుకుంటాం?" అంది. ఆ మాట నాకు బాగా తగిలింది. చేతులు నొప్పి పెడుతున్నాయి కాబట్టి పని సులువుగా ఉండాలి, నిజమే. అంతమాత్రాన పిల్లల పని ఇవ్వక్కర్లేదు. చేసిన వస్తువు ఇంట్లో వాడుకోవాలి, అదే షరతు పెట్టుకున్నాం.

న్యూస్‌పేపర్ గొట్టాలతో బుట్ట అల్లుదామని తేల్చాం. కావలసినవి: పాత పేపర్లు, తెల్ల జిగురు, స్వెట్టర్లు అల్లే 3 మిల్లీమీటర్ల సూది ఒకటి, స్కేలు, అట్టపెట్టె ముక్క, ఖాళీ డబ్బా.

పేపర్‌ని నిలువుగా 9, 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా చెయ్యాలి. కత్తెర పట్టుకోగానే అమ్మకి నొప్పి మొదలైంది. పోనీ నేను కత్తిరించి ఇస్తానంటే మొహం చిన్నబుచ్చుకుంది. అప్పుడు స్కేలు అంచుకి పేపర్ మడిచి, స్కేలు మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేత్తో కాగితాన్ని చింపి చూశాం. నిలువుగా చింపితే న్యూస్‌పేపర్ గీత గీసినట్టు వస్తుంది. అడ్డంగా చింపితే వంకరపోతుంది, ఎందుకంటే కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా ఒకే దిక్కుకి పరుచుకుంటుంది. కత్తెర లేకుండా పావుగంటలో ఇరవై పట్టీలు చింపేసింది.

రెండో వారం

గొట్టం చుట్టడం. పట్టీ మూల దగ్గర సూదిని ఏటవాలుగా పెట్టి, కాగితాన్ని బిగుతుగా చుట్టుకుంటూ పోయి, చివరి మూలకి జిగురు చుక్క పెట్టి అతికించాలి. సూది లాగేస్తే సన్నటి గొట్టం మిగులుతుంది. ఒక కొన కాస్త వెడల్పుగా, ఇంకో కొన సన్నగా వచ్చేలా చూసుకోవాలి. తర్వాత సన్న కొనకి జిగురు రాసి వెడల్పు కొనలోకి దూరిస్తే పొడుగు పెరుగుతుంది.

వీడియోల్లో అందరూ వేళ్ల మొనలతో చుడతారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి గట్టిగా నొక్కితే ఆ ఒత్తిడి అంతా ఎన్నో రెట్లై బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీదే పడుతుంది. అమ్మకి సరిగ్గా అక్కడే నొప్పి. రెండు గొట్టాలు చుట్టి ఆగిపోయింది. కాసేపు చెయ్యి రుద్దుకుంటూ కూర్చుని, సూదిని బల్ల మీద పడుకోబెట్టింది. వేళ్లు చాచి, మణికట్టు దగ్గరి అరచేతి భాగాన్ని సూది మీద ఆనించి ముందుకి దొర్లించింది. కాగితం సూదికి హత్తుకుని చుట్టుకుపోయింది. మొదటిది వదులుగా వచ్చింది, రెండోది వంకరపోయింది, నాలుగోది పెన్సిల్లా నిటారుగా వచ్చింది. బల్ల మీద తడిబట్ట పిండి పరిచాక కాగితం జారడం కూడా ఆగిపోయింది. ఇప్పుడు నేనూ అలాగే చుడుతున్నాను. నా వేళ్లకీ హాయిగా ఉంది.

వారం చివరికి 34 గొట్టాలు. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుని ఉంటాయి కాబట్టి పదకొండు దాటాకే కూర్చుంటున్నాం. ముందు ఐదు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెడుతుంది. ఇరవై నిమిషాలకి ఫోన్‌లో అలారం. అది మోగితే మధ్యలో ఉన్నా సరే ఆపాలి. అమ్మ ఆపదు, నేనే ఆపిస్తున్నాను.

మూడో వారం: తప్పు జరిగింది

అట్టని 10 సెంటీమీటర్ల గుండ్రటి బిళ్లలు రెండు కోసి, మధ్యలో నిలువు గొట్టాలు పేర్చి, జిగురుతో అంటించి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచాం. నిలువు గొట్టాలు 16 పెట్టాను. రెండు వైపులా సమానంగా ఉంటుందనుకున్నాను. ఒకదాని ముందు నుంచి, పక్కదాని వెనక నుంచి అల్లుకుంటూ రెండు చుట్లు తిరిగాక చూస్తే, రెండో చుట్టు కూడా మొదటి చుట్టు వెళ్లిన దారినే వెళ్లింది. వరసల మధ్య పట్టు లేదు. నిలువు గొట్టాలు సరిసంఖ్యలో ఉంటే ఒకే గొట్టంతో అల్లుతున్నప్పుడు ఎప్పుడూ అంతే. బేసిసంఖ్య ఉంటేనే ప్రతి చుట్టూ ముందు వెనకలు మారుతుంది.

నాకు టెన్షన్ వచ్చింది, అంతా విప్పాలేమో అని. అమ్మ ఒక గొట్టాన్ని మొదలంటా కత్తిరించమంది. 15 అయ్యాయి. పక్కనున్న రెండింటినీ ఖాళీలోకి కాస్త జరిపింది. ఇప్పుడు ఆ ఖాళీ ఎక్కడుందో వెతికినా కనిపించదు.

నాలుగో వారం

అల్లిక సాగుతోంది. బుట్ట మధ్యలో ఖాళీ డబ్బా నిలబెట్టి దాని చుట్టూ అల్లితే నోరు వెడల్పైపోకుండా ఉంటుంది. ఎండిన గొట్టం వంచితే విరుగుతుంది. తడిబట్టతో పైపైన తుడిచి పది నిమిషాలు ఆగితే మెత్తబడుతుంది. నీళ్లు ఎక్కువైతే జిగురు ఊడి విచ్చుకుంటుంది, అలా మూడు పాడయ్యాయి.

వెలుతురు సంగతి కూడా ఈ వారమే తెలిసింది. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు రంగుకి తిరుగుతుంది. నాకు చాలనిపించే వెలుతురు అమ్మకి చాలదు. టేబుల్ లైటు ఎడమపక్క పెట్టి, బల్ల మీద ముదురు రంగు గుడ్డ పరిచాం. తెల్ల కాగితం దాని మీద చక్కగా కనిపిస్తుంది. ముందే చేసి ఉంటే రెండు వారాలు కళ్లు చికిలించే బాధ తప్పేది.

ఐదో వారం

కాగితం పూసలు ప్రయత్నించాం. పొడవాటి త్రికోణం పట్టీని పుల్లకి చుట్టి అతికిస్తే పూస తయారు. చూడ్డానికి చాలా బాగుంటాయి. కానీ పని అంతా వేలిమొనల మీదే. రెండో రోజే ఆపేశాం. కీళ్లనొప్పులు లేనివాళ్లకి మాత్రం బాగా పనికొస్తుంది.

ఆరో వారం: పెదనాన్న చేరారు

పెదనాన్న రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని చూస్తున్నారు. ఆయనకి చేతులు వణుకుతాయి. కాగితం ముట్టుకుంటే మా పని పాడవుతుందని దూరంగా ఉండేవారు. అమ్మే పిలిచింది: "బావగారూ, నేను అల్లుతాను, మీరు వరస అదుముతూ రండి."

ప్రతి చుట్టూ అయ్యాక దాన్ని కిందికి నొక్కాలి, లేకపోతే సందులు పడతాయి. పెదనాన్న చేతికి వెడల్పు పిడి ఉన్న ఫోర్క్ ఇచ్చాం. పిడికి పాత బట్ట చుట్టి లావు చేశాం, పట్టు సులువుగా ఉంటుందని. బుట్టలోని డబ్బాలో గులకరాళ్లు పోశాం, కింద తడిబట్ట వేశాం. ఇక బుట్ట కదల్లేదు. చెయ్యి వణికినా ఫోర్క్ పళ్లు వరస మీద ఆనగానే కుదురుకుంటుంది, ఎందుకంటే ఇక్కడ గురి అక్కర్లేదు, బరువు కావాలి. మొదటి రోజు ఆయన తొమ్మిది వరసలు అదిమారు. మా ఇద్దరి వరసలకన్నా బిగువుగా ఉన్నాయవి.

అంచు ముగింపు: నిలువు గొట్టాలని తడిపి, ఒక్కోదాన్నీ పక్కదాని వెనక నుంచి వంచి, లోపలికి దోపి జిగురు పెట్టాలి. ఎండేదాకా బట్టల క్లిప్పులు పెట్టాం. క్లిప్పు నొక్కడం అమ్మకి నొప్పి కాబట్టి ఆ ఒక్క పనీ నేను చేశాను. జిగురులో సగం నీళ్లు కలిపి బ్రష్‌తో రెండు పూతలు వేస్తే గట్టిపడుతుంది. పూతల మధ్య పూర్తిగా ఆరనివ్వాలి.

మొదటి బుట్ట 9 సెంటీమీటర్ల ఎత్తు, 22 గొట్టాలు పట్టింది. అమ్మ కళ్లజోడు, మాత్రల డబ్బా అందులోనే ఉంటున్నాయి.

ఏడో వారం

మార్పు కోసం పాత టీషర్టులతో గ్లాసు కింద పెట్టే మ్యాట్. చొక్కా ఒంటిని అడ్డంగా 2 సెంటీమీటర్ల పట్టీలుగా కోసి లాగితే అంచులు ముడుచుకుని లావు దారంలా అవుతుంది. అట్టకి రెండు వైపులా సెంటీమీటరుకొక గాటు పెట్టి గట్టి దారంతో పడుగు (నిలువు దారాలు) పోసి, ఈ పట్టీతో పేక (అడ్డం వరసలు) నేశాం. సూది అక్కర్లేదు, వేళ్లే చాలు. మొదటి మ్యాట్ నడుం సన్నగా వచ్చింది, పేకని ప్రతిసారీ బిగించి లాగినందుకు. తర్వాతి నుంచి పేకని విల్లులా వంచి వదిలి, తర్వాత కిందికి జరుపుతోంది అమ్మ. అంచులు తిన్నగా వస్తున్నాయి. నలుపు, ముదురు నీలం కలిపి ఇచ్చాను మొదట. రెండూ ఒకటే రంగనుకుని వరస తప్పింది. పసుపు, ముదురు నీలం జత ఇస్తే తడబాటు లేదు.

ఎనిమిదో వారం

ఇప్పుడు బల్ల మీద ట్రే ఉంది, 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు. నిలువుకి 33 పెట్టాం, ఈసారి మొదలుపెట్టే ముందు అమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. చుట్టూ అల్లడానికి ఇంకో 40 గొట్టాలు కావాలని అంచనా. వాటిలో 26 చుట్టడం అయింది. పెదనాన్న నిన్న తన ఇంట్లోంచి ఒక కట్ట పేపర్లు, ఇంకో ఫోర్క్ తెచ్చుకున్నారు.