కావలివాడు కూడా పరాయి దేశంలోనే ఉన్నాడు

మెల్‌బోర్న్‌లో పెరుగుతున్న మా పిల్లలకు స్కూల్లో మొదటి నుంచీ చెప్పేది ఒకటే, ఎవరి జీవితం వాళ్లది, ఎవరినీ జడ్జ్ చేయకూడదు. అందులో మంచి లేకపోలేదు. కానీ బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 33వ అధ్యాయం చదివినప్పుడు మా పెద్దమ్మాయి ఆగిపోయింది. ఖడ్గం రావడం చూసి కూడా కావలివాడు బూర ఊదకపోతే, చచ్చిన వాళ్ల రక్తానికి అతనే లెక్క చెప్పాలి అని ఉంటుంది అక్కడ. "అమ్మా, ఇది మరీ కఠినంగా ఉంది, వాళ్ల తప్పుకి ఇతనెందుకు బాధ్యుడు?" అని అడిగింది.

ఆస్ట్రేలియాలో వేసవి సెలవులు డిసెంబరు, జనవరిలోనే కాబట్టి క్రిస్మస్‌కి వైజాగ్ రావడం మాకు కుదురుతుంది. ఇక్కడ అంతా ఆ స్కూల్లో చెప్పేదానికి తిరగబడి ఉంటుంది. చర్చి గేటు దాటేలోపే ఒక పిన్ని జుట్టుకు వేసిన రంగు గురించి, ఒక మావయ్య జీన్స్ గురించి, ఇంకో పెద్దమ్మ తెలుగు సరిగ్గా రాకపోవడం గురించి హెచ్చరిస్తారు. వాళ్లకి ప్రేమ లేక కాదు, చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని పెంచిన వాళ్లే. అయినా గట్టిగానే చెబుతాను, ఖడ్గం కానిదానికి రోజూ బూర ఊదితే నిజంగా ఖడ్గం వచ్చిన రోజు పిల్లలు తలెత్తి చూడరు. వైజాగ్ వాళ్లకి ఇది తెలియంది కాదు. మన పోర్టులో ప్రతి మబ్బుకీ పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేయరు కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటే ముందు అధికారులు ఖాళీ చేయమంటే తీరంలో ఎంతమంది ఇళ్లు వదిలి వెళ్లారో మనకి గుర్తుంది. మాట మీద నమ్మకం ఉంటేనే జనం కదులుతారు.

అమ్మాయికి నేను చెప్పింది, దేవుడు కావలివాడిగా పెట్టిన ఈ యెహెజ్కేలు ఎక్కడున్నాడో చూడమని. యెరూషలేములో కూర్చుని దూరంగా ఉన్నవాళ్లని తిట్టిన మనిషి కాదాయన. క్రీస్తుపూర్వం 597లో యెహోయాకీను రాజుతో పాటు బబులోనుకు చెరగా వెళ్లిన జనంలో ఒకడు, కెబారు నది దగ్గర వాళ్ల మధ్యే బతికాడు, భార్య కూడా ఆ పరాయి దేశంలోనే చనిపోయింది. వాళ్ల కష్టం మొత్తం తనదీ అయిన తర్వాతే వాళ్లని హెచ్చరించాడు. అపొస్తలుడైన పౌలు కూడా అంతే, ఎఫెసులో మూడేళ్లు రాత్రీ పగలూ కన్నీళ్లతో బుద్ధి చెప్పానంటాడు. ఇంకొకటి, అదే అధ్యాయంలో, బూర విని కూడా జాగ్రత్తపడని వాడి రక్తం వాడి మీదే ఉంటుంది అని కూడా రాసుంది. అంటే చెప్పడం వరకే మన పని. తల్లిగా నాకు టెన్షన్ సగం తగ్గింది ఇక్కడే.

డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసులో అందరూ వాగ్దాన కార్డులు, అంటే కొత్త సంవత్సరానికి ఒక్కో బైబిలు వాగ్దానం రాసున్న కార్డులు, తీసుకున్నారు. మెలకువగా ఉండి ప్రార్థించే ఈ ఆచారాన్ని 18వ శతాబ్దంలో మొరేవియన్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు, తర్వాత జాన్ వెస్లీతో ఉన్న మెథడిస్టులు పాటించారు, మన తెలుగు సంఘాల్లో ఇప్పటికీ ఎంత రద్దీగా జరుగుతుందో తెలిసిందే. మా అమ్మాయి తన కార్డు చూసి, "అమ్మమ్మా, వీటిలో ఒక్కటి కూడా హెచ్చరిక ఉండదేం?" అంది. నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. మా అమ్మ బైబిలు తెరిచి ప్రకటన గ్రంథం 3వ అధ్యాయం చూపించింది. సార్దీసు సంఘానికి రాసిన లేఖ, బతికున్నానన్న పేరు మాత్రమే ఉంది, మేలుకోకపోతే దొంగలా వస్తాను అని ప్రభువు అంటాడు, అదే లేఖలో కాస్త కిందే జయించిన వాళ్లకి తెల్లని బట్టలు ఇస్తానంటాడు. "చూడమ్మా, రెండూ ఒకే లేఖలో పంపాడు, మనమే ఒకటి కత్తిరించి కార్డు చేసుకున్నాం" అంది అమ్మ.

తిరిగి వెళ్లాక మా అమ్మాయి వేపింగ్‌కి (ఈ-సిగరెట్‌కి) అలవాటు పడుతున్న స్నేహితురాలితో, ఎవరూ లేనప్పుడు, ఒక్కతే మాట్లాడింది. దానికి ముందు గలతీ 6:1 ఇద్దరం కలిసి చదివాం, సాత్వికంగా చెప్పాలి, మనమూ శోధనలో పడకుండా చూసుకోవాలి అని. ఆ పిల్లకి కోపం వచ్చింది, కొన్నాళ్లు మాట్లాడలేదు, ఇప్పుడు అప్పుడప్పుడూ మెసేజ్ పెడుతోంది, అలవాటు మానిందో లేదో మాకు తెలియదు. పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నాం.

వైజాగ్‌లో ఉన్న మా పిన్నులకీ మావయ్యలకీ నా మనవి ఒకటే. ఈసారి మా పిల్లలు వచ్చినప్పుడు జుట్టు రంగు వదిలేయండి. ప్రార్థన చేస్తున్నావా, నీ స్నేహితులు ఎలా ఉన్నారు, దేనికైనా భయపడుతున్నావా అని పక్కన కూర్చుని అడగండి. వాళ్లు మీకు చెబుతారు.