వరసలో ఉన్నదే చోడి

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదో ఒకటి రాయమని ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఆలోచిస్తున్నాను. ఆటల గురించీ, దెబ్బల గురించీ, చిన్న రైలెక్కి నౌపడా దాకా వెళ్ళి ఇంట్లో తిట్లు తిన్న సంగతీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను బడి తోట గురించి రాస్తాను. తోట అంటే పెద్దగా ఊహించుకోకండి, బావికీ ప్రహరీకీ మధ్య నాలుగు మడులు, గోడ మీదికి పాకిన ఒక ఆనప పాదు, అంతే.

అప్పటికి మన గుణుపురం ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఉండేది, రాయగడ జిల్లా 1992లో కదా వచ్చింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతకి వెళ్తే కొండ దిగొచ్చిన సవర గిరిజనుల మాట. మూడూ వచ్చిన మనకి తినే తిండి ఎలా మొలుస్తుందో మాత్రం తెలియదని తోట మాస్టారికి గట్టి నమ్మకం. ఏడో తరగతిలో జూన్ నెలాఖరున ఒక శుక్రవారం, చివరి పీరియడ్‌లో అడిగారు, "ఒరే, పొద్దున్న అంబలి తాగొచ్చినవాడు ఎవడ్రా?" ఎవరూ చెయ్యెత్తలేదు. తాగనివాళ్ళు లేరు, చెప్పుకోడానికి సిగ్గు. చోడంబలి, అదే రాగి అంబలి, అంటే లేనివాళ్ళ తిండి అని మనమే అనుకునేవాళ్ళం, నేనైతే క్యారేజీ మూత సగమే తీసి తాగేవాణ్ణి. మాస్టారే చెయ్యెత్తి, "నేను తాగాను. మరి చోడి మొక్క ఎలాగుంటాదో ఎవడైనా చెప్తాడేట్రా?" అన్నారు. దానికీ ఎవరూ లేవలేదు. ఒడియావాళ్ళ వీధి నుంచి వచ్చే మా బెంచీవాడు మాత్రం, చోడికి ఒడియా పేరు పెట్టి, "మాండియా అంటే గడ్డిలా ఉంటుంది సార్" అన్నాడు, అందరూ నవ్వారు. వాడు చెప్పిందే నిజం.

ఆ ఏడు మన మడిలో చోడి వేయాలని తేల్చారు. విత్తనం కొట్లో కొనకూడదు, సంతలో సవర అవ్వ దగ్గర అడిగి తేవాలి. "గిడుగువారు పర్లాకిమిడిలో ఉండి భాష కోసం సవరల దగ్గరికి వెళ్ళారు, మీరు చెంచాడు విత్తనం కోసం వెళ్ళలేరా?" అని మాస్టారు పంపితే నలుగురం వెళ్ళాం. అవ్వ డబ్బులొద్దంది. పిడికెడు గింజలు అడ్డాకులో పొట్లం కట్టి ఇచ్చి, పంటొచ్చాక రెండింతలు తెమ్మంది. పొట్లం విప్పి చూస్తే ఆవాల కంటే చిన్న ఎర్రటి గింజలు. పది అడుగులు ఇటూ పది అడుగులు అటూ ఉన్న మా మడికి ఒక చెంచాడు చాలన్నారు మాస్టారు, మిగతాది పక్క మడివాళ్ళకి పోయింది. గెత్తం, అంటే పశువుల ఎరువు, మా పెదనాన్నగారి పశువుల సాల నుంచి తట్టల్లో మోశాం. కలహండి కొండల్లో పుట్టి మన ఊరి పక్క నుంచి పోయి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార ఉంది చూడండి, ఆ ఒడ్డున పేరుకున్న ఒండ్రుమట్టి సైకిళ్ళ మీద తెచ్చాం.

ఆకుమడిలో నారు పోసి, మూడు వారాలకి పైన పీకి, తాడు కట్టి వరసల్లో నాటాం. అసలు కథ ఆ తరవాతే. చోడి మొక్కకి అచ్చంగా కవల లాంటి కలుపు ఒకటుంది. ఆకు అదే, రంగు అదే, మొలిచే చోటూ అదే. ఒక వానాకాలపు సాయంత్రం గొప్పు తవ్వే వంతు నాది. నేను ఎంత శ్రద్ధగా చేశానంటే, మూడు వరసల చోడి పీకేసి గట్టున పేర్చి, కలుపుని మాత్రం మట్టి ఎగదోసి మరీ నిలబెట్టాను. మాస్టారు వచ్చి గట్టు మీద కుప్ప చూశారు, మడి చూశారు, నన్ను చూశారు. "చోడిని పీకీసి కలుపుకి గెత్తం పెడుతున్నావురా నాయనా" అన్నారు. కొడితే బాగుండేది.

ఎలా తెలుస్తుంది సార్ అని అడిగితే, "వెన్ను తీసేదాకా ఆగితే ఎవడికైనా తెలుస్తాది. కలుపు వెన్నుకి చేతివేళ్ళలా సన్నటి పాయలు విచ్చుకుంటాయి, చోడి వెన్నుకి లావాటి పాయలు పిడికిలిలా ముడుచుకుంటాయి. కానీ అప్పటికి మన గెత్తమంతా అదే తినీసి ఉంటాది. అందుకే తాడు కట్టి నాటాం. వరసలో ఉన్నదే చోడి, వరస తప్పిందల్లా కలుపు" అన్నారు. మరి మా వరసలు వంకర్లు పోతే తాడు పట్టుకున్నవాడిదా తప్పు, గొప్పు తవ్విన నాదా అని ఇప్పటికీ మా ఇద్దరి మధ్యా తేలలేదు. తాడు పట్టుకున్నవాడు ఇది చదువుతాడు, అందుకే రాశాను.

పీకినవాటిలో సగం మళ్ళీ నాటితే బతికాయి. అక్టోబర్‌లో పిచ్చుకల కాపలా పెట్టారు, రైలు కూత వినపడగానే నేను పరుగెత్తాను, తిరిగొచ్చేసరికి ఒక మూల ఖాళీ. శిక్షగా ఒక్క వెన్ను తుంపి చేతిలో పెట్టి గింజలు లెక్కపెట్టమన్నారు. బావి గట్టున కూర్చుని, అరచేతిలో నలిపి, ఊక ఊది, పదేసి చొప్పున పలక మీద పేర్చుకుంటూ పోయాను. వెయ్యి దాటాక లెక్క తప్పింది, మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేక ఏడుపొచ్చింది. ఆ ఒక్క వెన్నునే అలాగే పిండి చేసినా చారెడు కూడా రాదని తరవాత తెలిసింది.

నవంబర్‌లో కోశాం. అన్ని వెన్నులూ ఒకేసారి పండవు, రెండు విడతలు కోయాల్సి వచ్చింది. ఎండబెట్టి, కర్రలతో కొట్టి, చేటతో తూర్పారబడితే, నాలుగు నెలలకి కిలో కంటే కాస్త ఎక్కువ. ముప్పై ఎనిమిది మందిమి. మా ఇంటి తిరగలి మీద విసిరి, నూకలు వేసి అంబలి కాస్తే తలకో గ్లాసు వచ్చింది, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా ఎవరిది వాళ్ళు తెచ్చుకున్నారు. ఆ రోజు మూత ఎవరూ సగం తీయలేదు.

తాగాక బోర్డు మీద లెక్క వేయించారు. మడికి కిలో పంట, ఒక ఇంటికి రోజుకి అరకిలో చోళ్ళు అనుకుంటే ఏడాదికి మనలాంటి మడులు ఎన్ని కావాలి? 182, అంటే దాదాపు 42 సెంట్లు, అదీ ఒక్క చోళ్ళకే. పప్పు లేదు, కూర లేదు, నూనె లేదు. "ఇప్పుడు చెప్పండ్రా, సంతలో అవ్వ దగ్గర బేరమాడతారా?" అన్నారు. ఆడాం, ఆడకుండా ఉండలేం కదా, కానీ కొంచెం తగ్గింది. బాకీ రెండు చెంచాలు తీసుకెళ్తే అవ్వ గింజ నోట్లో వేసుకుని కొరికి చూసి, తల ఊపి, మూటలో కలిపేసుకుంది. మా పంటకి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ రాలేదు.

ఇప్పుడు చోళ్ళకి రోజులొచ్చాయి. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ పెడితే మొదటి ఏడు జిల్లాల్లో మన రాయగడ ఒకటి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడాది అంది. కొన్ని రాగి బిస్కెట్ల ప్యాకెట్ వెనక చదివితే ముందు మైదా కనపడుతుంది, అది వేరే సంగతి. కోరాపుట్ జిల్లా జైపూర్ దగ్గర పాత్రపుట్ ఊరి కమలా పూజారి గారికి పాత వరి విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ వచ్చిందని టీవీలో చూసినప్పుడు నాకు సంతలో అవ్వ గుర్తొచ్చింది. ఆవిడ పేరు మనలో ఒక్కరమూ అడగలేదు.

నేనిప్పుడు విశాఖలో, మేడ మీద ఆరు సంచుల్లో మట్టి నింపి ఏవో పెంచుతున్నాను. మన తిండి మనమే పండించుకుంటున్నాం అని మా ఇంట్లోవాళ్ళు చుట్టాలకి చెప్తారు, నేను సెంట్లలో లెక్క చెప్పి ఉత్సాహం చెడగొడతాను. ఆరు వంకాయలు, రెండు ఆనపకాయలు, గోంగూర మాత్రం బాగా వచ్చింది. కూరలు రైతు బజార్‌లోనే కొంటాను, ఏ ఊరివి అని అడుగుతాను, అడిగితే అమ్మేవాళ్ళు సంతోషంగానే చెప్తారు.

పోయిన జూన్‌లో మన సంత నుంచి తెప్పించిన చోళ్ళు ఒక సంచిలో చల్లాను. సంచిలో వరసలేం పెడతాం. నెల తిరిగేసరికి నిండా పచ్చగా మొలిచింది, ఏది ఏదో తెలియక ఫోటో తీసి మా బెంచీవాడికి పంపాను. రాయగడలో ఉంటాడు, ఇప్పటికీ ఎకరం చోడి వేస్తాడు. అరగంటకి జవాబొచ్చింది: "నువ్వు మాత్రం ఏదీ పీకకు. ఆదివారం వస్తున్నాను."