ఆదివారం, ఉగ్గాని, శక్తి

పొద్దున ఏడుకే మా దోస్తు ఫోన్ చేశాడు, బజ్జీలు చల్లారకముందే రమ్మని. కర్నూలు బి క్యాంపులో వాళ్లింటికి పోయేసరికి ఉగ్గాని పొట్లాలు విప్పి, బ్లూటూత్ స్పీకర్ పెట్టుకొని కూర్చున్నాడు. మా ఆదివారాలు ఇట్లనే మొదలవుతాయి, రావాల్సిన పేరు రాని బ్యాండ్ ఏదని వాదులాటతో.

వాడు ఎప్పుడూ చెప్పేది మదర్‌జేన్. కొచ్చి వాళ్లు, 2008లో 'మక్తూబ్' ఆల్బమ్ తెచ్చారు. బైజు ధర్మజన్ గిటార్ మీద గమకాలు పలికిస్తుంటే ప్రాణం లేచొస్తుంది. అక్కడ మాకు పేచీ లేదు. పేచీ అంతా నేను చెప్పే శక్తి దగ్గరే, ఇంగ్లండ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ మన వాయిద్యకారులతో కట్టిన బ్యాండ్.

"2024లో గ్రామీ వచ్చింది కదప్పా, ఇంకా అండర్‌రేటెడ్ ఏంది?" అంటాడు.

గ్రామీ వచ్చింది 2023 నాటి 'దిస్ మొమెంట్'కు. నేను చెప్పేది 1976, 77లలో వచ్చిన మొదటి మూడు ఆల్బమ్‌ల గురించి. మెక్‌లాఫ్లిన్ అప్పటికే తన జాజ్-రాక్ బ్యాండ్ మహావిష్ణు ఆర్కెస్ట్రాతో, చెవులు గింగురుమనే ఎలక్ట్రిక్ గిటార్‌తో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అదంతా పక్కన పెట్టి ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరం ఘటం పక్కన చెక్క గిటార్‌తో కూర్చున్నాడు. ఆ గిటారూ మామూలుది కాదు. వాయించే తీగల కింద ఏటవాలుగా ఇంకో వరస సన్న తీగలు. మెట్ల (ఫ్రెట్ల) మధ్య చెక్కను గుంతలుగా తొలిపించుకున్నాడు, గమకం పలకాలని. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ కూడా అంతే, ఎనిమిది తీగల వాయిద్యాన్ని ఐదుకు తగ్గించుకొని కర్ణాటక సంగీతం పలికించాడు, తర్వాత శక్తినే మళ్లీ కట్టిన రిమెంబర్ శక్తి బ్యాండ్‌లో ఇదే మెక్‌లాఫ్లిన్ పక్కన వాయించాడు. 2014లో 45 ఏళ్లకే పోయాడు. తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఇంకొకరి సంగీతం కోసం తన వాయిద్యాన్నే మార్చుకోవడం కంటే పెద్ద కొలాబరేషన్ నాకు తెలీదు. రాక్ పాట నడుమ రెండు నిమిషాలు తబలా అతికిస్తే నా చెవికి ఆనదు.

మా గొడవకు లోపల్నుంచి మామ వచ్చాడు. ఆదోని దగ్గర వాళ్ల ఊళ్లో 30 ఏళ్లు చెక్కభజన నేర్పిన మనిషి. స్పీకర్‌లో శక్తి పాట మోగుతుంటే గడప దగ్గర నిలబడే విన్నాడు. పాటలో ఘటం మొదలయ్యాక కూర్చున్నాడు. కాసేపటికి ఆయన బొటనవేలు తక్కిన వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టడం మొదలుపెట్టింది.

"అది కుండేనా?"

"కుండే మామా. మూతి కడుపుకు ఆనించుకొని వాయిస్తాడు."

"అదీ! అందుకే గుమ్మని మోగుతాంది. మొదట్నుంచి పెట్టప్పా, నడిమిట్ల లెక్క తప్పినా."

మూడోసారి పెట్టేసరికి అటక మీద చెక్కలు దించమన్నాడు. స్టూల్ ఎక్కి నేనే దించాను. పాత చీర గుడ్డలో చుట్టి ఉన్నాయి. మామ పంచె కొంగుతో దుమ్ము తుడిచి, పాటతో పాటు మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. మా వాడు స్పీకర్ సౌండ్ తగ్గించాడు. ఒక చెక్కకు రెండు గజ్జెలు ఊడిపోయాయి. సాయంత్రం వన్ టౌన్ బజారుకు పోయి తేవాలి.