చక్కెర సీసా

ఐదో రోజు. మామూలు మేత సీసాలో పళ్ల ఈగ లార్వాలు ఎదిగి అప్పుడే గోడలెక్కేశాయి. పక్క సీసాలోవి ఇంకా మేతలోనే పొర్లుతున్నాయి. పైగా బక్కగా.

ఆ పక్క దాంట్లో పంచదార 1 మోలార్, అంటే లీటరుకి 342 గ్రాములు! మామూలు దాంట్లో 0.15 మోలారే. అంత తీపి తిని ఈ పళ్ల ఈగ పిల్లలు ఏపుగా పెరగాలి కదా? ఊహూఁ. తీపి మరీ ఎక్కువై ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేస్తే ఎదుగుదల వెనకపడుతుంది, కొవ్వు చేసే జన్యువులు మాత్రం జోరందుకుంటాయి. వీటి రక్తంలో తిరిగే చక్కెర ముఖ్యంగా ట్రెహలోజ్, మన గ్లూకోజు కాదు. అదో తేడా.

ఏ జన్యువులు జోరుగా ఉన్నాయో చెప్పే ఆర్ఎన్ఏ కోసం వాటిని నూరుతుంటే అమ్మ ఫోన్. "షుగర్ చూపించుకున్నాలే, ఏం లేదు."

ఎంతుందమ్మా అంటే, "తిన్నావా?" అంది.